హద్దులు మార్చి రాయి

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చెక్కే
నిధి మహారాణా కొట్టు వెనక గది.
గోడ అవతల ఆకురాయి గీరుతూంటుంది,
ఇవతల నా సుద్దముక్క.
కాలిన కొమ్ము వాసనలోనే
ఇరవై రెండేళ్లుగా సమాకలనం చెబుతున్నాను.

ఆ సాయంత్రం బోర్డు మీద ఒక త్రిభుజం.
కింద సున్నా దగ్గర సన్నగా మొదలై
పైకి పోయేకొద్దీ కుడికి వెడల్పయ్యేది.
లోపల, ఇ మీద వై వర్గం.
ముందు వై, తర్వాత ఎక్స్. పుస్తకం ఇచ్చిన వరస.
బాసంతి పెన్ను మూత కొరుకుతూ అరగంట కూచుంది.
"రావట్లేదు మేస్టారూ."
రాదమ్మా. ఆ వరసలో ఎవరికీ రాదు.
ఆ తాళానికి చెవి లేదని
రుజువు చేసి మరీ చేతులెత్తేశారు పెద్దవాళ్లు.

సెరంగో పైన కొండల్లో వాళ్ల ఊరు.
ఇంట్లో సవర, బళ్లో ఒడియా, బజార్లో తెలుగు.
మనసులో లెక్క ఏ భాషలో కడుతుందో
అడిగితే నవ్వుతుంది.

"మీ చోడి చేను ఎలా కోస్తారు?
గెడ్డ కాణ్ణించి పైకి, నిలువునా?"
నన్నొక వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.
"నిలువునా కోస్తే ప్రతి సాలుకీ కొండెక్కి దిగాల కదా!
మాయమ్మ అడ్డంగా కోస్తాది.
ఒకే ఎత్తులో ఈ గట్టు నించి ఆ గట్టుకి,
అప్పుడొక అడుగు పైకి..."
ఆగిపోయింది.
పెన్ను మూత నోట్లోంచి తీసింది.

గబగబా రాసేసింది: ముందు ఎక్స్, తర్వాత వై.
హద్దులు మాత్రం పాతవే ఉంచేసింది.
అందరూ చేసే తప్పే. నేనూ చేశాను,
బరంపురంలో, డిగ్రీ చివరి పరీక్షలో.
పేర్లు తారుమారు చేస్తే చాలదు.
మళ్లీ చేలోకి దిగాలి, అడ్డంగా నిలబడాలి,
ఈ ఎత్తులో ఎడమ గట్టెక్కడ, కుడి గట్టెక్కడ
కాళ్లతో అడగాలి.

సున్నా నించి వై దాకా.
అంతే. ఆ ఒక్క వై వచ్చి పక్కన నిలబడగానే
బిగుసుకున్న ముడి దానంతటదే జారింది.
ఇ లోంచి ఒకటి తీసి, అందులో సగం.

మా తాత ఇక్కడికి నాలుగు వీధుల అవతల పుట్టాడు.
పుట్టినప్పుడు అది మద్రాసు,
మీసాలొచ్చేసరికి ఒడిశా.
ఆయన గుమ్మం దాటలేదు.
మహేంద్రతనయా పాతపట్నం వైపు అలాగే పారింది.
ప్రాంతం అదే, చెప్పుకొచ్చే వరసే వేరు
అని చాలా ఏళ్లు పిల్లలకి చెప్పి మురిసిపోయాను.
మా నాన్న అలా మురిసిన గుర్తు లేదు.
ఆయన పొలం కాగితం అటు, రేషన్ కార్డు ఇటు.
వరస మార్చినవాళ్లెవరో
హద్దులు సరిగ్గా రాయకుండా లేచిపోయారు.

"ఎప్పుడైనా మార్చుకోవచ్చా మేస్టారూ?
ఎటు చేసినా జవాబు ఒకటేనా?"

దాదాపు.
ఒక ప్రమేయం ఉంది, సున్నా మూలకి చేరేసరికి
అటూ ఇటూ కూడా అంతులేకుండా పోతుంది.
దాన్ని ఈ వరసలో చేస్తే ఒక జవాబు,
ఆ వరసలో చేస్తే అదే జవాబు
ముందు మైనస్ పెట్టుకుని.

కార్డు ఇటుది గనక
మా ఆవిణ్ణి ముందు బరంపురం తీసుకెళ్లాను,
తర్వాత విశాఖ.
ఇది బాసంతికి చెప్పలేదు.
"వచ్చే వారం చూద్దాం" అన్నాను.

ఏడింటి బస్సుకి ఇంకా పది నిమిషాలుంది.
నోట్సులో త్రిభుజం మళ్లీ గీసింది,
అడ్డగీతలతో ఈసారి.
ఎడమ గట్టు మీద ఒక చుక్క పెట్టింది.
"ఇదేంటి?"
"మాయమ్మ."
చుక్క కింద కొడవలి కూడా వేసి,
బాగా రాలేదని చెరిపేసి,
సంచీ భుజాన వేసుకుంది.
గోడ అవతల నిధి ఇంకా కొంగ మెడ దగ్గరే ఉన్నాడు.